నాలుగో పిలుపు

వాసంశెట్టి త్రిమూర్తులు మనసులోకి వెళ్ళలేక బ్యాకప్ సర్వరు వెనక్కి తిరిగి రావడం వరసగా అది ఎనిమిదో మధ్యాహ్నం. కాకినాడ ఉప్పుటేర్ల సంరక్షణ కార్యాలయంలో మిగతా ఉద్యోగులందరి మనసుల్లోకీ సర్వరు మామూలుగానే వెళ్ళింది, ఆ రోజుకి కావలసింది కాపీ చేసుకుంది, మామూలుగానే బయటికొచ్చింది. త్రిమూర్తులు దగ్గర మాత్రం మూడుసార్లు ప్రయత్నించి, పాస్‌వర్డ్ చెల్లలేదని గుర్తు పెట్టుకుని, పక్క కుర్చీలో నిద్రపోతున్న వీర్రాజు లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. మధ్యాహ్నం క్యారియర్లు కడిగి కిటికీలో బోర్లించాక, మేడమీద హాల్లో వాలుకుర్చీల్లో ఉద్యోగులంతా అరగంట కునుకు తీస్తారు. ఆ కునుకు సర్వీసు నిబంధనల్లో ఉంది. ఆ అరగంటలో సర్వరు ఒక్కొక్కరి లోపలికీ వెళ్ళి, ఏ ఫైలు ఎవరి బల్లమీద ఎందుకు ఆగిందో, ఏ కాంట్రాక్టరుకి నవ్వుతూ కాదని చెప్పాలో, ఏ సంతకం కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో అన్నీ కాపీ చేసుకుంటుంది. ఉద్యోగి పోయినా ఉద్యోగం ఆగకూడదన్నది ప్రభుత్వ ఉద్దేశం. గుండెపోటుతో పోయిన క్యాషియరుగారి కాపీ ఇప్పటికీ బిల్లులు వెనక్కి కొడుతూనే ఉంది. బతికున్నప్పటికంటే ఇప్పుడే కొంచెం మర్యాదగా కొడుతున్నారని కాంట్రాక్టర్లు చెప్పుకుంటారు.

శాఖ పరిభాషలో శరీరాన్ని ఆతిథేయి అనీ, లోపల ఉండే మనిషిని అతిథి అనీ అంటారు. ఆతిథేయి తలుపు తియ్యడం సులువు, వేలిముద్ర చాలు. అతిథి అలా కాదు. వేలిముద్రకీ కనుపాపకీ గుర్తింపు కార్డుకీ అతను లొంగలేదు. ఎన్నో పరీక్షలు చేశాక తేలిందేమిటంటే, మనిషి లోపలికి వెళ్ళడానికి ఒకటే దారి ఉంది. తెలిసిన గొంతు పిలవాలి, అతను పలకాలి. పలికినప్పుడు లోపల తెరుచుకునే సందులోంచి సర్వరు జారుకుంటుంది. ఆ గొంతు బయటికి వినపడదు. నిద్రపోతున్న మనిషి లోపల మాత్రమే మోగుతుంది.

అందుచేత ఉద్యోగంలో ఉన్న ప్రతివాళ్ళూ ఒక గొంతు రికార్డు చేయించి ఇవ్వాలి. మగవాళ్ళలో నూటికి తొంభైమంది భార్యల్ని తీసుకొచ్చారు. భార్యలు పేరు పెట్టి పిలవరు కాబట్టి అందరి పాస్‌వర్డూ ‘ఏవండీ’ అయి కూర్చుంది. ఇంతమందికి ఒకటే పాస్‌వర్డా అని ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం చెబితే, మాట ఒకటే అయినా విసుగు ఎవరిది వాళ్ళదేనని కార్యాలయం జవాబిచ్చింది. అభ్యంతరం ఎత్తేశారు. ఆడ ఉద్యోగుల విషయంలో లాగిన్ విఫలమైన సందర్భం ఇంతవరకూ ఒక్కటీ లేదు. వాళ్ళు ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతారు. కొందరు పిలవకముందే పలికిన దాఖలాలు కూడా ఉన్నాయి.

త్రిమూర్తులు పాస్‌వర్డ్ అతని భార్య సత్యవేణి గొంతు. ఉగాది వెళ్ళిన వారానికి ఆమె జ్వరంతో ఆస్పత్రిలో చేరి, ఇంటికి రాలేదు. చివరి రోజుల్లో గొంతులో గొట్టం ఉండడం వల్ల ఎవర్నీ పిలవలేదు. పెద్దకర్మ అయ్యాక అతను ఆఫీసుకి తిరిగొచ్చి వాలుకుర్చీలో పడుకున్న మొదటి మధ్యాహ్నం నుంచే తలుపు మూసుకుపోయింది.

కారణం ఊహించడం ఎవరికీ కష్టం కాలేదు. డిప్యూటీ డైరెక్టరు సోమయాజులు అతన్ని గదిలోకి పిలిపించి, మామూలుగా ఎవరికీ చూపించని కుర్చీ చూపించాడు.

“మీ పరిస్థితి నాకు అర్థమైంది త్రిమూర్తులు గారూ. హెడ్డాఫీసుకి ‘దుఃఖం’ అని రాశాను. దుఃఖానికి ఎర్రర్ కోడ్ లేదని తిరుగుటపాలో జవాబొచ్చింది.”

“ఆయ్.”

“నెలాఖరు దాకా చూస్తారు. అప్పటికీ తెరుచుకోకపోతే ఈ గొంతు రద్దు. ఇంకెవరిదైనా రికార్డు చేయిద్దాం. తునిలో మీ అక్కగారున్నారు కదా?”

“మరి పాతదండీ?”

“పాతదేం చేసుకుంటామండీ? చెరిపేస్తారు. చెల్లని పాస్‌వర్డ్ ఉంచుకుంటే రేపు అదో ఎంక్వయిరీ.”

త్రిమూర్తులు మెట్లమీద కాసేపు ఆగిపోయాడు. సత్యవేణి గొంతు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియోకి మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించారు. అందులో ఆమె పెదవులు కదులుతాయి, ఇంకెవరో పాడతారు. ఫోనులో ఆమె పంపినవన్నీ పువ్వుల బొమ్మల మీద శుభోదయాలు. ఉన్నన్నాళ్ళూ అది దాచుకోవలసిన వస్తువని అతనికి తోచలేదు. కుళాయిలో రోజూ వచ్చే నీళ్ళని సీసాకెత్తి బీరువాలో పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం, కళ్ళు మూసుకున్న కాసేపటికి, ముందు చిన్న గరగర వినిపించేది. తరవాత ‘ఏవండీ’. గిన్నె మీద మూత పెడుతూ, ఇటు తిరక్కుండా పిలిచినట్టు. ఊరుకుంటే కొంచెం దగ్గరగా ఇంకొకటి. ఇంకా ఊరుకుంటే మూడోది, చివర సాగదీసి. ఆ తరవాత ఏమీ ఉండేది కాదు. ఏమీ లేని ఆ చోట అతను చెవి ఒగ్గి పడుకునేవాడు. పలకకపోవడం తన చేతిలో ఉందో లేదో అతనికి తెలీదు. దుఃఖమే తన నోరు నొక్కిపెడుతోందని అనుకున్నాడు. అలా అనుకోవడంలో కొంత ఊరట కూడా ఉంది. సత్యవేణి పోయినప్పుడు అతను ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్ళు అది చూశారు, చూసి గుర్తుపెట్టుకున్నారు. ఇప్పుడు సాక్షాత్తూ ప్రభుత్వ సర్వరే అతని దుఃఖానికి సాక్ష్యం చెబుతోంది.

వీర్రాజు ఆఫీసులో అతని పక్క సీటు, ఇంటిదగ్గర పక్క వాటా. పదేళ్ళు చిన్నవాడు. టీ కొట్టు దగ్గర గ్లాసు అందిస్తూ అడిగాడు.

“ఏంటండీ బాబూ, మూడుసార్లు పిలిచినా పలకట్లేదంట? చచ్చినోళ్ళు పిలిస్తే పలక్కూడదని మా నాయనమ్మ అనేదిలెండి. పలికితే తీసుకుపోతారంట.”

“సర్వరు నన్నెక్కడికి తీసుకుపోద్ది వీర్రాజూ? బిల్లుల సెక్షన్‌కా?”

“ఏమోనండి. క్యాషియరుగారిని తీసుకుపోలేదేటి?”

“నీదెలా తెరుచుకుంటంది మరి?”

“నాదా? మొదటి పిలుపుకే. పలక్కపోతే ఇంక్రిమెంటు కోసేస్తారు కదండి.”

“ఇంటికాడో?”

“ఇంటికాడ ఇంక్రిమెంటేదండి కొయ్యడానికి?” అని వీర్రాజు నవ్వి, టీ ఊదుకున్నాడు.

మర్నాడు ప్రాంతీయ కార్యాలయం నుంచి రెహనా వచ్చింది. లాగిన్లు బాగుచెయ్యడం ఆమె పని. భుజానికి ల్యాప్‌టాప్ సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా. ముప్ఫై దాటి ఉంటాయి. మనుషుల్ని పరీక్షించే ముందు వాళ్ళ కుర్చీ కదులుతోందేమో చూస్తుంది.

“మామూలుగా పడుకోండి సర్. నేను లేననుకోండి.”

“ఎవరూ లేరనుకుని పడుకోవడం అలవాటేనమ్మా ఇప్పుడు,” అన్నాడు త్రిమూర్తులు.

ఆమె ఆతిథేయిని పరీక్షించింది. నాడి, శ్వాస, కనురెప్పలు సరిగానే ఉన్నాయి. వేలిముద్రకి బయటి తలుపు వెంటనే తెరుచుకుంది. గొంతు శబ్దం పెంచి చూసింది, తగ్గించి చూసింది. సోమయాజులు గొంతుతో పిలిపించి చూసింది. దానికి త్రిమూర్తులు శరీరం నిద్రలోనే లేచి చేతులు కట్టుకుని నిలబడింది గాని లోపలి మనిషి కదల్లేదు. శరీరాన్ని మళ్ళీ కూర్చోబెట్టడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

అతను మేలుకున్నాక ఆమె అడిగింది. “మీ లోపల ఇవాళ ఏం వారమండీ?”

“బుధవారం.”

“ఆవిడ లేరన్న సంగతి లోపల తెలుసా?”

“తెలుసమ్మా.”

“కొందరికి బయట తెలుస్తుందండి, లోపలికి కబురు చేరదు. రెండు గడియారాలూ కలవకపోతే లాగిన్ తీసుకోదు. మీకు కలుస్తున్నాయి. అది కాదైతే.”

“మీదెవరి గొంతమ్మా?” అన్నాడతను, మాట మార్చడానికి.

“మా అత్తగారిదండి. పిలవరు, దగ్గుతారు. దగ్గు పూర్తి కాకముందే తెరుచుకుంటుందట నాది,” అంది రెహనా, తీగలు చుట్టుకుంటూ. అందులో ఆమెకి ఫిర్యాదుగానీ గొప్పగానీ ఉన్నట్టు లేదు.

గురువారం ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. త్రిమూర్తులు పెద్దకర్మ దాకా సెలవులో ఉన్నప్పుడు కార్యాలయంలో సర్వరుకి కొత్త వెర్షన్ ఎక్కించారు. పాతది ఆమె ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉంది. అది ఎక్కించి పెట్టి, అతన్ని పడుకోమంది.

గరగర వచ్చింది. ‘ఏవండీ’ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది సాగి ఆగింది. త్రిమూర్తులు మామూలుగా ఆ ఖాళీలో చెవి ఒగ్గాడు. అప్పుడు, పెద్దకర్మ తరవాత మొదటిసారి, ఆ ఖాళీలోంచి ఇంకొకటి వచ్చింది. గొంతు తగ్గించి, సగం నవ్వుతో, సగం వదిలేసుకున్నట్టు.

‘ఏవండీ... ఉన్నారా?’

“ఉన్నాను,” అన్నాడు త్రిమూర్తులు.

లోపల ఏదో పక్కకి జరిగింది. సర్వరు చల్లగా, మర్యాదగా, చెప్పులు విడిచి వచ్చిన చుట్టంలా లోపలికొచ్చి, ఇన్నాళ్ళుగా పేరుకుపోయినదంతా కాపీ చేసుకుని వెళ్ళింది. అతను మేలుకునేసరికి మొహం తడిగా ఉంది. కుర్చీ వెనక గుడ్డ కూడా తడిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు అది చూడడం అతనికి తృప్తిగానే అనిపించింది.

“దుఃఖం తీరిందంటారా అమ్మా?” అన్నాడు.

రెహనా తెర వైపే చూస్తోంది. “దుఃఖం కాదండి. పాత వెర్షన్ పలికేదాకా పిలుస్తుంది. కొత్తది మూడుసార్లు పిలిచి వచ్చేస్తుంది. మీరు నాలుగోదానికి పలుకుతారు.”

“ఇవాళ అలా అయిందేమో.”

“రేపు కూడా చూద్దామండి.”

శుక్రవారం కూడా నాలుగో పిలుపుకే పలికాడు. శనివారం ఆమె మొదటి మూడు పిలుపులూ తీసేసి, ‘ఏవండీ... ఉన్నారా?’ అన్నదాన్నే ముందు పెట్టి చూసింది. అతను పలకలేదు. ముందు మూడూ లేకుండా వచ్చిన నాలుగో పిలుపు అతనికి మొదటి పిలుపే. పైగా అది ప్రశ్న. ప్రశ్నలు పాస్‌వర్డ్‌గా చెల్లవని నిబంధన ఉంది. లేను అని జవాబొస్తే సర్వరు ఏం చెయ్యాలో ఎవరూ తేల్చలేదు.

“ఇదంతా ఆవిడ పోయిన దగ్గర్నుంచేనమ్మా. అంతకుముందు నేను బానే పలికేవాణ్ణి,” అన్నాడు త్రిమూర్తులు.

పక్కనే కుర్చీలో ఒళ్ళు విరుచుకుంటున్న వీర్రాజు, సాయం చేద్దామనే ఉద్దేశంతోనే, అందుకున్నాడు. “లేదులెండి, ముందునుంచీ అంతే. గోడవతలే కదండీ మేము. నాలుగుసార్లు వినపడేది రోజూ. మా ఆవిడ దాన్నిబట్టే వంట చేసుకునేది. మీ ఆవిడ మొదటిసారి పిలిస్తే మా ఆవిడ పొయ్యి వెలిగించేది, నాలుగోసారి పిలిస్తే కుక్కర్ దింపేది. ఇప్పుడు టైము తెలీక అన్నం మాడిపోతంది అంటంది.”

ఎవరో నవ్వారు. రెహనా నవ్వలేదు గాని, తల ఊపి, ఏదో అక్షరాలు కొట్టింది. సమస్య తేలిపోయింది. వెర్షన్ మారిన రోజుకీ సత్యవేణి పోయిన రోజుకీ మధ్య సంబంధమేమీ లేదు. ఆమె బతికుండి ఉన్నా ఆ తలుపు తెరుచుకునేది కాదు.

ఆ సాయంత్రం త్రిమూర్తులు బస్సెక్కకుండా ఉప్పుటేరు గట్టు వెంబడి నడుచుకుంటూ వెళ్ళాడు. బురదలో పీతలు అడ్డంగా పరుగెడుతున్నాయి. తనకి ఆ పిలుపులు వినపడేవి కావని, చదువుకుంటున్న పేపరులో మునిగిపోయేవాణ్ణని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. గొంతు రికార్డు చేసిన రోజు కూడా అంతే. ఆఫీసులో చిన్న గదిలో మైకు ముందు సత్యవేణి కూర్చుని, ఇంట్లో పిలిచినట్టే పిలవమన్నారని పిలుస్తోంది. అతను ఎదురు గోడమీద మంటలార్పే డబ్బా ఎలా వాడాలో రాసిన కాగితం చదువుతున్నాడు. పిన్ను లాగవలెను అన్న దగ్గర మొదటి పిలుపు వినపడింది. గొట్టమును మంట మొదలు వైపు తిప్పవలెను అన్న దగ్గర రెండోది. మూడోదీ వినపడింది. అన్నీ వినపడ్డాయి. ఏ పిలుపు ఏ వాక్యం మీద పడిందో ఇప్పటికీ చెప్పగలడు.

పలికితే పిలుపు ఆగిపోతుంది. పలకకపోతే ఇంకొకటి వస్తుంది. సంగతి అంతే. ఇరవై రెండేళ్ళు అతను ఆ ఇంకొకదాని కోసం ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి తియ్యగా ఉండేది. తనని ఒకరు నాలుగుసార్లు పిలవవలసిన మనిషిగా ఉండడంలో ఒక ఎత్తు ఉంది. గుమస్తాకి ఆ ఎత్తు ఇంకెక్కడా దొరకదు. దాన్ని దుఃఖమని ఆఫీసంతా నమ్మింది, తనూ నమ్మాడు. అలవాటు దుఃఖం బట్టలు కట్టుకొస్తే ఎవరు గుర్తుపడతారు? గుర్తుపట్టింది సర్వరొక్కటే. అది కూడా గుర్తుపట్టాలని కాదు, దానికి దుఃఖం అనే కోడ్ లేకపోవడం వల్ల.

సోమవారం సోమయాజులు రెహనానీ అతన్నీ కలిపి కూర్చోబెట్టాడు.

“మూడుని నాలుగు చెయ్యడం కుదరదామ్మా?”

“రాష్ట్రమంతా మూడేనండి. ఈయన ఒక్కరి కోసం మార్చరు.”

“అయితే ఈయన్నే మార్చాలి.”

“మార్చొచ్చండి. మొదటి పిలుపుకి పలికేలా అలవాటు చేయించొచ్చు. చాలామందికి వచ్చేస్తుంది.”

“త్రిమూర్తులు గారూ, మీరేమంటారు? లేకపోతే మీ అక్కగారు.”

“వద్దండీ,” అన్నాడు త్రిమూర్తులు వెంటనే. “సత్యవేణి గొంతే ఉంచండి. నేర్చుకుంటాను.”

శిక్షణ మేడమీద హాల్లోనే జరిగింది. నిబంధన ప్రకారం సహోద్యోగి ఒకరు సాక్షిగా ఉండాలి కాబట్టి వీర్రాజు కూర్చున్నాడు. త్రిమూర్తులు మొహం మీద పేపరు కప్పుకుని మగత కమ్మేదాకా పడుకోవాలి. ‘ఏవండీ’ అని వినపడగానే ‘ఆఁ’ అనాలి. అనకపోతే వీర్రాజు పేపరు లాగేస్తాడు.

“ఆలోచించకండి సర్. ఎందుకు పిలుస్తున్నారో ఏమోనని లోపల లెక్కలు మొదలెట్టారంటే పోయినట్టే. తలుపు కొడితే గడియ తీసినట్టు, అంతే,” అని రెహనా చెప్పింది.

“నావైపు చూడండి బాబూ,” అన్నాడు వీర్రాజు. “నేను ఎవరు పిలిచారో కూడా చూడను ఇక్కడ. ముందు పలికేస్తాను.”

మొదట్లో కష్టమైంది. వినపడగానే లోపల ఆ పాత తియ్యదనం పైకొచ్చేది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని గొంతు దగ్గర మాట పట్టేసుకునేది. పేపరు లాగేసిన ప్రతిసారీ హాల్లో వెలుతురు మొహం మీద చెంపదెబ్బలా పడేది. రానురాను రెండో పిలుపుకి ‘ఆఁ’ వచ్చింది. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, మొదటి ‘ఏవండీ’లో ‘ఏ’ దగ్గరే నోరు దానంతటదే తెరుచుకుంది. ఇరవై రెండేళ్ళ కాపరంలో రానిది వారం రోజుల్లో వచ్చేసింది. సోమయాజులు కిందనుంచి మిఠాయి తెప్పించాడు. సర్వరు కొత్త వెర్షన్‌తో లోపలికెళ్ళి, అన్నీ కాపీ చేసుకుని, ఏ వ్యాఖ్యా లేకుండా బయటికొచ్చింది. నెలాఖరుకి ఇంకా గడువుంది.

రెహనా సంచీ సర్దుకుంటూ చెప్పింది. “ఇంక మొదటి పిలుపు ఒక్కటే ఉంటుందండి. మిగతా మూడూ ఆదివారం వాటంతటవే చెరిగిపోతాయి. వాడనివి ఉంచరు. జాగా చాలదు.”

త్రిమూర్తులు లేచి నిలబడ్డాడు. “నాలుగోది కూడానా?”

“కూడానండి.”

“నా ఫోనులోకి వేసివ్వండమ్మా. ఎవరికీ చెప్పను.”

“పాస్‌వర్డ్ బయటికివ్వకూడదండి. మీదైనా సరే.” ఆమె అతని మొహం చూసి, సంచీ మళ్ళీ కింద పెట్టింది. “వెళ్ళేముందు ఒకసారి వింటారా? పాత వెర్షన్ పెడతాను. అది నాలుగూ పిలుస్తుంది.”

“పెట్టమ్మా.”

అతను వాలుకుర్చీలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు. హాల్లో ఇంకెవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపటికి మగత వచ్చింది. గరగర వచ్చింది.

‘ఏవండీ.’

“ఆఁ.”

సర్వరు లోపలికొచ్చి, కాపీ చేసుకోవడానికి కొత్తగా ఏమీ లేకపోవడంతో వెళ్ళిపోయింది.

“పలికేశారండి,” అంది రెహనా.

“తెలుసమ్మా. ఇంకొక్కసారి పెట్టు. ఊరుకుంటాను.”

ఆమె మళ్ళీ పెట్టింది. అతను పళ్ళు బిగించి పడుకున్నాడు. ‘ఏవండీ’ అని వినపడింది. పళ్ళ సందులోంచి ‘ఆఁ’ వచ్చేసింది. మూడోసారి రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. రుమాలు చాటునుంచి కూడా వచ్చింది. పలకడానికి నోటితో పని లేదని అతనికి అప్పుడు తెలిసింది. అది లోపలెక్కడో జరిగిపోతోంది, మోకాలి మీద కొడితే కాలు ఎగిరినట్టు. నాలుగోదాన్నే ముందు పెట్టినా అదీ ‘ఏవండీ’తోనే మొదలైంది, ‘ఉన్నారా’ దాకా రాకముందే అతను పలికేశాడు. ఆ మొదటి పిలుపుకి అవతల ఇంకో మూడు పిలుపులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి చివర ఆమె నవ్వుతూ ఉన్నారా అని అడుగుతోంది. అక్కడిదాకా వెళ్ళే దారిలో అతనే అడ్డంగా నిలబడి, ఆఁ, ఆఁ అంటున్నాడు.

రెహనా బస్సుకి వేళైంది. “బాగా వచ్చిందండి మీకు,” అని మెల్లగా చెప్పి, తీగలు చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆదివారం చెరపవలసినవి చెరిగిపోయాయి.

ఆ తరవాత త్రిమూర్తులు మీద ఫిర్యాదులు లేవు. మధ్యాహ్నం హాల్లో అందరితోపాటే పడుకుంటాడు, అందరితోపాటే పలుకుతాడు. ఏ ఒక్కరి పిలుపూ ఇంకొకరికి వినపడదు గాని పలకడం మాత్రం వినపడుతుంది. వరసగా ఒకరి వెనక ఒకరు నలభైమంది మగవాళ్ళు కళ్ళు తెరవకుండా, ఎంతో ఇష్టంగా ‘ఆఁ’ అంటారు. తనిఖీకి వచ్చిన పై అధికారి ఒకరు, ఇంత చక్కటి సంసారాలున్న కార్యాలయం తను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు.

ఇంటిదగ్గర సాయంత్రాలు అతను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పేపరు మానేశాడు. ఒక రోజు సందెవేళ అవతలి వాటాలో వీర్రాజు భార్య మంగతాయారు వంటింట్లోంచి పిలిచింది.

“ఏవండీ.”

వీర్రాజు తన వరండాలో మెట్టు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“ఆఁ,” అన్నాడు త్రిమూర్తులు.

అన్నాక అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఒక్క పిలుపుకే జవాబు రావడం అక్కడ కొత్త. కాసేపటికి మంగతాయారు గొంతు మళ్ళీ వినపడింది. ఈసారి అందులో అతను ఎన్నడూ వినని మెత్తదనం ఉంది.

“ఏం లేదండీ. మధ్యాహ్నం నుంచీ ఎడమ చెయ్యి లాగేస్తంది. చెబుదామని.”

వీర్రాజు తెర మీద వేలు పైకి జరిపాడు. త్రిమూర్తులు అతనివైపు చూశాడు, వంటింటి కిటికీ వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పకపోతే ఆమె ఊరికే నిలబడి ఉంటుంది.

“రేపు ఆస్పత్రికి వెళ్దాంలే,” అన్నాడు.

“సరేనండి,” అంది ఆమె. గరిటె మళ్ళీ కదిలింది.

వీర్రాజుకి ఆ మాట వినపడిందో లేదో తెలీదు. వినపడినా, పలకవలసిన మాట ఎవరో పలికేశారు గనక తను పలకవలసింది లేదని అనుకుని ఉంటాడు. మర్నాడు ఆస్పత్రికి ఎవరూ వెళ్ళలేదు. సాయంత్రం ఆమె పిలిచింది, త్రిమూర్తులు పలికాడు. ఆ మర్నాడూ అంతే. గోడకి అటువైపుగానీ ఇటువైపుగానీ రెండో పిలుపు అవసరం ఎవరికీ కలగలేదు.